పౌరుష ఔషధం – వ్యాపత్తుల పద్దు

చరక సంహిత సిద్ధిస్థానంలో ‘వ్యాపత్తు’ అనే మాట తరచుగా వస్తుంది. వమనానికో విరేచనానికో మందు ఇచ్చినప్పుడు, అది తలపెట్టిన పని చేయక వేరొక ఉపద్రవాన్ని తెచ్చిపెడితే దానిని వ్యాపత్తు అన్నారు. వాటిని గుర్తించడానికి, సరిదిద్దడానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించారు. నేడు మనం ‘సైడ్ ఎఫెక్టు’ అంటున్నదానికి, పత్రికలవారు ‘దుష్ఫలితం’ అని అనువదిస్తున్నదానికి ఇంతకంటె చక్కని మాట నాకు కనబడలేదు. అయితే అదే గ్రంథంలో చికిత్సాస్థానానికి వెళ్ళి వాజీకరణ ప్రకరణం తెరిస్తే వాతావరణం మారిపోతుంది. అక్కడ యోగాల వెంట యోగాలు, ప్రతి యోగానికీ ఘనమైన ఫలశ్రుతి. అశ్వం వంటి బలం, వృషభం వంటి సామర్థ్యం! విరేచనాల మందుకు వ్యాపత్తులను అంత ఓపికతో లెక్కించిన మనిషి, పౌరుషపు మందు దగ్గరకు వచ్చేసరికి ఫలితాలను వర్ణించడంలోనే మునిగిపోతాడు. ఇది ఒక్క మన దేశపు సంగతి కాదు. పురుష హార్మోను అయిన టెస్టోస్టిరాన్ చరిత్ర అంతా చదివితే, ఈ వాలు ఎంత పాతదో, దానిని సరిచేయడానికి ఎంతకాలం పట్టిందో తెలుస్తుంది.

ఈ విషయంపై నాకు ఆసక్తి కలగడానికి కారణం చెప్పవలసి ఉన్నది. కొన్నేళ్ళ క్రితం పీయూష గ్రంథి మీద పెరిగిన చిన్న కంతిని శస్త్రచికిత్స చేసి తీశారు. ఆ గ్రంథి ఆజ్ఞ లేనిదే వృషణాలు పని చేయవు. అందుచేత టెస్టోస్టిరాన్‌ను బయటినుండి సూదిమందుగా తీసుకొనవలసి వచ్చింది. మొదటి సూది వేసిన నాడే వైద్యులు, “మాస్టారూ, ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఏ చిన్న తేడా కనిపించినా తేదీ వేసి వ్రాయండి. బాగున్నది మీరు ఎలాగూ చెబుతారు, బాగోలేనిది వ్రాయండి” అన్నారు. ముప్పై ఐదేళ్ళు పిల్లల కాపీలు దిద్దినవాడిని, వ్రాయడం నాకు భారం కాదు. కాని ఇటువంటి పుస్తకాన్ని నాకు ముందు ఎవరెవరు పెట్టారు, ఏమేమి వ్రాశారు అని వెదకడం మొదలుపెట్టాను. ఆ వెదుకులాటే ఈ వ్యాసం.

పురాణాలతో మొదలుపెట్టడం మా వృత్తి లక్షణం, చదువరులు మన్నించాలి. గౌతముని శాపంతో ఇంద్రుడు వృషణాలు కోల్పోగా, పితృదేవతలు పొట్టేలు వృషణాలను అతనికి అమర్చారని బాలకాండ చెబుతుంది. ఇంద్రుడికి ‘మేషవృషణుడు’ అనే పేరు అలా వచ్చింది. సుశ్రుతుడు మేకపోతు వృషణాలను పాలలో కాచి, ఆ పాలలో నువ్వులను మరల మరల నానబెట్టి తినమన్నాడు. వీటిని చూపి ‘అంతా మనవాళ్ళే కనిపెట్టారు’ అని చంకలు గుద్దుకొనడం నాకు సమ్మతం కాదు. ఆ అవయవానికీ బలానికీ సంబంధం ఉన్నదని ఊహించడానికి ఋషి కానక్కరలేదు. విత్తులు కొట్టించిన ఎద్దునూ, ఊరిమీద వదిలిన ఆంబోతునూ పక్కపక్కన చూసిన ఏ రైతుకైనా తెలుసు.

ఆ ఎరుకను పరీక్షకు పెట్టినవాడు జర్మనీలోని గొట్టింగెన్‌లో పనిచేసిన బెర్తోల్డ్. 1849లో ఆయన ఆరు కోడిపుంజులను తీసుకొని ప్రయోగం చేశారు. వృషణాలు తీసివేసిన పుంజుకు తురాయి ముడుచుకుపోయింది, కూత పోయింది, పోట్లాట పోయింది. తీసిన వృషణాన్ని తిరిగి కడుపులో అమర్చితే, నరాల సంబంధం ఏమీ లేకపోయినా అన్నీ తిరిగి వచ్చాయి. అంటే ఆ అవయవం నుండి ఏదో పదార్థం రక్తంలోకి చేరుతున్నదన్నమాట. పుంజు తన అనుభవాన్ని వ్రాసుకోదు కనుక, ఈ ప్రయోగంలో ఆశకు తావు లేదు. తురాయి పెరిగితే పెరిగింది, లేకపోతే లేదు.

మనిషి తన మీద తానే ప్రయోగం చేసుకున్నప్పుడు కథ మారింది. షార్ల్ ఎడ్వార్ బ్రౌన్ సెకార్ 1817లో మారిషస్ దీవిలో పుట్టారు. ఆ శతాబ్దంలోనే మన కోస్తా జిల్లాల నుండి కూలీలు ఓడలెక్కి చేరిన దీవి అదే, నేటికీ అక్కడ తెలుగువారున్నారు. తండ్రి అమెరికన్, తల్లి ఫ్రెంచి వంశీయురాలు. పారిస్‌లో క్లాడ్ బెర్నార్ తరువాత ఆయన పీఠాన్ని 1878లో అధిష్ఠించిన మహా శరీరశాస్త్రవేత్త ఈయన. వెన్నుపాము సగం తెగితే కలిగే లక్షణాలకు ఈయన పేరే నేటికీ వైద్యులు వాడుతున్నారు. కనుక ఈయనను నాటు వైద్యుల జాబితాలో చేర్చరాదు.

1889 మే 15వ తేదీన, డెబ్బై రెండేళ్ళ వయస్సులో, ఆయన కుక్క వృషణాలను నూరి, వడగట్టి, ఆ రసాన్ని తన చర్మం క్రింద ఎక్కించుకోవడం ప్రారంభించారు. తరువాత గినీ పందుల నుండి తీసిన రసాన్ని కూడ వాడారు. జూన్ 1న పారిస్ జీవశాస్త్ర సంఘంలో ఫలితాలు ప్రకటించారు. జూలైలో లండన్ ‘లాన్సెట్’ పత్రిక ఆయన వ్యాసాన్ని ప్రచురించింది. ఆ వ్యాసం గూర్చి చదివినప్పుడు నన్ను ఆకట్టుకున్నది ఆయన లెక్క. ముంజేతి బలాన్ని యంత్రంతో కొలిచారు. సూదికి ముందు సగటున 34.5 కిలోలు, తరువాత 41 కిలోలు. మెట్లు మునుపటివలె పరుగున ఎక్కగలిగానన్నారు. ప్రయోగశాలలో గంటల తరబడి నిలబడగలిగానన్నారు. మూత్రధార ఎంత దూరం పడుతున్నదో కూడ కొలిచి, ముందరి పది రోజుల కంటె తరువాతి ఇరవై రోజులలో ఎంత పెరిగిందో వ్రాశారు. వృద్ధాప్యంలో ఆ ధార బలహీనం కావడమంటే ఏమిటో తెలిసినవారు దీనికి నవ్వరు.

సరే, దుష్ఫలితాలు? అవీ వ్రాశారు, ఆ నిజాయితీకి నమస్కరించాలి. సూది వేసిన చోట తీవ్రమైన నొప్పి, అది గంటల తరబడి ఉండడం, ఆ చోటు ఎర్రబడడం అన్నీ నమోదు చేశారు. ‘ఇదంతా నా మనస్సు నాకు నూరిపోసిన భ్రమ కాదు కదా’ అన్న సందేహాన్ని కూడ ఆయనే ఎత్తి, ఇతర వైద్యులు పరీక్షించి చూడాలని కోరారు. సూదులు మానిన కొద్ది వారాలకు పాత నీరసం తిరిగి వచ్చిందనీ చెప్పారు.

2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆయన చెప్పిన పద్ధతిలోనే కుక్క వృషణాల రసం తయారు చేసి కొలిచారు. వృషణం టెస్టోస్టిరాన్‌ను తయారుచేస్తుందే కాని దాచి ఉంచదు, పైగా అది నీటిలో సులభంగా కరగదు. ఆ రసంలో తేలిన హార్మోను, మనిషికి పని చేయడానికి కావలసిన మోతాదులో పదివేలవ వంతు స్థాయిలో ఉన్నది. అంటే కొలిచిన బలం, మెట్ల పరుగు, మూత్రధార ఇవన్నీ ఆశ చేసిన పని. ఆ పుస్తకంలో మందు వలన నిజంగా జరిగినది నొప్పి ఒక్కటే! ఒక మహాపండితుడు, యంత్రం పెట్టి కొలిచి, తేదీలు వేసి వ్రాసుకున్న పద్దులో లాభాల వైపు అంతా గాలిమూట, నష్టాల వైపు మాత్రం అక్షర సత్యం. నా మటుకు నేను ఈ ఒక్క సంగతిని తెలుసుకున్న తరువాతనే, మా వైద్యులు ‘బాగోలేనిది వ్రాయండి’ అని ఎందుకన్నారో గ్రహించాను. మేలు కలగాలని మనస్సు కోరుతుంది కనుక దానిని కల్పించుకుంటుంది. చెడు విషయంలో ఆ తొందర తక్కువ. (ఎవరైనా ముందుగా భయపెట్టితే చెడును కూడ కల్పించుకుంటుందని వైద్యులు చెబుతారు. అదీ నిజమే.)

ఆ తరువాతి ముప్పై నలభై ఏళ్ళు గొప్పగా చెప్పుకోదగినవి కావు. 1920లో పారిస్‌లో వొరొనోఫ్ అనే శస్త్రవైద్యుడు కోతి వృషణపు ముక్కలను వృద్ధులకు అంటుకట్టాడు. ఆయన పద్దు ఫోటోలు. ముందు వంగిపోయిన ముసలివాడు, తరువాత నిటారుగా నిలబడిన పెద్దమనిషి. అదే కాలంలో కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ కారాగారంలో లియో స్టాన్లీ అనే వైద్యుడు ఖైదీలకు పొట్టేళ్ళు, మేకలు, పందుల వృషణ పదార్థాన్ని ఎక్కించాడు. (మేషవృషణుడు కాలిఫోర్నియా చెరసాలలో మరల అవతరించాడన్నమాట.) 1922లో ఆయన ప్రకటించిన నివేదికలో 656 మందికి చేసిన వెయ్యి ప్రయోగాల లెక్క ఉన్నది. చూపు మెరుగు, ఆకలి మెరుగు, కీళ్ళ నొప్పులు మాయం. ఖైదీ తన బాగోగులు ఎవరికి చెబుతున్నాడు? తనను విడుదల చేసే అధికారుల దగ్గర కొలువున్న వైద్యుడికి. బాధ కలిగినదని చెప్పడం వలన అతనికి ఒరిగేదేమిటి? అటువంటి చోట వ్రాసిన పద్దును నేను పద్దుగా లెక్కించను.

రసాయన శాస్త్రజ్ఞులు రంగంలోకి దిగిన తరువాత కాని అసలు వస్తువు చేతికి రాలేదు. 1931లో బ్యుటెనాంట్ సుమారు 15,000 లీటర్ల మూత్రం నుండి 15 మిల్లీగ్రాముల పురుష హార్మోనును వేరు చేశారు, అది ఆండ్రోస్టిరాన్. ఆ మూత్రం బెర్లిన్ పోలీసులది! 1935లో ఆంస్టర్‌డామ్‌లో లకూర్ బృందం ఆంబోతుల వృషణాల నుండి టెస్టోస్టిరాన్‌ను వేరు చేసి ఆ పేరు పెట్టింది. అదే ఏడు బ్యుటెనాంట్, రుజిచ్కా వేరువేరుగా దానిని కృత్రిమంగా తయారు చేశారు. ఇద్దరికీ 1939లో నోబెల్ బహుమానం. హిట్లర్ ప్రభుత్వం అడ్డుపడడంతో బ్యుటెనాంట్ దానిని అప్పుడు స్వీకరించలేకపోయారు.

మందు నిజమైనది కాగానే వ్యాపత్తులు కూడ నిజమైనవి వచ్చాయి. 1945లో పాల్ డి క్రైఫ్ అనే అమెరికన్ రచయిత, సూక్ష్మజీవుల వేటగాళ్ళ చరిత్ర వ్రాసి పేరు పొందినవాడు, పురుష హార్మోనును గూర్చి ఒక పుస్తకం వెలువరించాడు. తాను స్వయంగా మిథైల్ టెస్టోస్టిరాన్ బిళ్ళలు వాడుతున్నానని ఉత్సాహంగా చెప్పుకున్నాడు. ఆ బిళ్ళ కాలేయాన్ని దెబ్బ తీయగలదనీ, కొందరికి కామెర్లు తెస్తుందనీ తరువాతి సంవత్సరాలలో తేలింది. ఈలోపుగా 1941లోనే చికాగోలో ఛార్లెస్ హగ్గిన్స్, వ్యాపించిన ప్రోస్టేట్ కేన్సరు వృషణాలు తొలగిస్తే తగ్గుతుందనీ, హార్మోను ఇస్తే రెచ్చుతుందనీ చూపారు. ఆ పరిశోధనకు 1966లో నోబెల్ బహుమానం లభించింది. నేటికీ ఈ మందు మొదలుపెట్టే ముందు పి.ఎస్.ఎ. పరీక్ష చేయించడానికి మూలం అక్కడ ఉన్నది. ఒకరి వ్యాపత్తు మరొకరికి ప్రయోజనం కావడమూ ఉన్నది. బయటినుండి హార్మోను వస్తే పీయూష గ్రంథి తన ఆజ్ఞలు ఆపుతుంది, వృషణాలు చిక్కుతాయి, శుక్రకణాలు నశిస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనినే పురుషుల గర్భనిరోధక పద్ధతిగా పరీక్షించి, వారానికి 200 మిల్లీగ్రాముల సూదితో పెక్కుమందిలో కణాల సంఖ్య సున్నాకు చేరిందని 1990లో ప్రకటించింది. వ్యాయామశాలలలో కండల కోసం ఈ సూదులు వేయించుకొనే కుర్రవాళ్ళకు ఈ సంగతి చెప్పేవారు ఎందరో నాకు అనుమానమే.

ఇక నా నోటుపుస్తకం సంగతి. మొదట నాకు ఇచ్చినది రెండు మూడు వారాలకొక సూది. వేరుశెనగ నూనెలో కలిపిన మందు. శెనగకాయ పడనివారు ముందే చెప్పాలి. నేను పుటను నిలువుగా గీసి, తేదీ పక్కన ‘సూది వేసి ఎన్నవ రోజు’ అనే గడి పెట్టుకున్నాను. ఇది చాల ఉపకరించింది. మూడవ రోజున వచ్చే చిరాకూ ఇరవయ్యవ రోజున వచ్చే నీరసమూ ఒకటి కావు. మొదటిది రక్తంలో మందు పొంగిన నాడు, రెండవది అడుగంటిన నాడు. గీత గీస్తే రంపపు పళ్ళవలె ఉంటుంది. వీపు మీద మొటిమలు, చీలమండల వద్ద కొద్దిగా వాపు, ఇవి నేను వ్రాసుకున్నవి. గురక పెరిగిందనీ, మధ్యమధ్య ఊపిరి ఆగి ఉలిక్కిపడుతున్నాననీ వ్రాసినది నేను కాదు, నా శ్రీమతి. “మీరు నిద్రపోతుంటే మీకేం తెలుస్తుందండీ” అని ఒక రాత్రి ఆ పుస్తకం తీసుకొని ఆవిడే వ్రాసింది. తరువాత మరొక గడి తనకోసం గీయించుకున్నది. మనిషి తన మీద తాను వ్రాసే పద్దులో తాను నిద్రించే ఎనిమిది గంటలు ఖాళీగా ఉంటాయని బ్రౌన్ సెకార్‌కు తట్టలేదు.

అయితే ఈ మందు చేసే ముఖ్యమైన చెడు ఇద్దరికీ కనబడదు. టెస్టోస్టిరాన్ ఎముక మజ్జను పురికొల్పి ఎర్ర రక్తకణాలను పెంచుతుంది. రక్తం చిక్కబడుతుంది. రక్తంలో ఎర్రకణాల వంతును హెమటోక్రిట్ అంటారు. 2018 నాటి అమెరికా అంతఃస్రావ వైద్యుల సంఘం మార్గదర్శకాలు, అది 54 శాతం దాటితే మందు ఆపి, తగ్గిన తరువాత తక్కువ మోతాదుతో మొదలుపెట్టమంటాయి. నాకు మొదట 46. ఆరు నెలలకు 51. ఏడాదికి 55. ఆ ఏడాదిలో నా అంత హాయిగా ఉన్నవాడు మా వీధిలో లేడు! పుస్తకంలో ఆ నెలలన్నీ ‘విశేషం లేదు’ అనే ఉన్నది. ఒంటి మాట వింటే సరిపోదని, సూదిమొనతో రక్తం తీసి అడిగితే తప్ప అది చెప్పని సంగతులున్నాయని అప్పుడు తెలిసింది. వైద్యులు కొంతకాలం ఆపి, మూడు నెలలకొకసారి వేసే వేరే సూదికి మార్చారు.

ఈ రెండవ మందును కలిపేది ఆముదంలో. చిక్కని నూనె కనుక పిరుదు కండలో నెమ్మదిగా కరుగుతుంది. అరుదుగా ఆ నూనె తుంపరలు రక్తంతో ఊపిరితిత్తులకు చేరి, సూది తీసిన కొద్ది నిమిషాలలో విపరీతమైన దగ్గు, ఆయాసం కలిగిస్తాయి. అమెరికాలో 2014లో ఈ మందును అనుమతించినప్పుడు, సూది తరువాత అరగంట రోగిని అక్కడే కూర్చోబెట్టాలని నిబంధన పెట్టారు.

లేపనం రూపంలో కూడ ఈ మందు దొరుకుతుంది. రోజూ భుజానికి రాసుకొనే జిగురు. నాకు దానిని ఇవ్వలేదు, మా ఇంట రెండేళ్ళ మనుమరాలు ఎప్పుడూ నా భుజం మీదనే ఉంటుంది కనుక. 2008 చివరికి అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థకు ఎనిమిది మంది పిల్లల వివరాలు అందాయి. వయస్సు తొమ్మిది నెలల నుండి ఐదేళ్ళ వరకు. ఇంట్లో పెద్దలు రాసుకున్న జిగురు తాకి, ఆ పసివాళ్ళలో యౌవన లక్షణాలు మొలిచాయి, ఎముకలు వయస్సును మించి ముదిరాయి. 2009లో ఆ సంస్థ పెట్టె గీసి హెచ్చరిక వేయించింది. యయాతి యౌవనం కోరితే అతని ముదిమిని పూరుడు మోశాడు. పూరుని కనీసం అడిగి తీసుకున్నాడు యయాతి. ఈ పిల్లలను ఎవరూ అడగలేదు. తాత తీసుకొనే మందు మనుమడి పద్దులో ఎక్కింది. ఎక్కడో ఒక తల్లి చూసి, కంగారు పడి చెప్పినందువలన బయటపడింది.

ఇన్నేళ్ళకు కాని బ్రౌన్ సెకార్ ఎత్తిన సందేహానికి తగిన పద్ధతి ఈ మందుకు పెద్ద ఎత్తున అమలు కాలేదు. సగం మందికి మందు, సగం మందికి మందు లేని పూత. ఎవరికి ఏది దక్కిందో వాడేవారికీ తెలియదు, వ్రాసేవారికీ తెలియదు. అమెరికాలో నడక మందగించిన 209 మంది వృద్ధులపై జరుగుతున్న పరీక్షను 2009 చివర అర్ధాంతరంగా ఆపవలసి వచ్చింది. మందు వాడినవారిలో 23 మందికి, వాడనివారిలో 5 మందికి గుండె, రక్తనాళాల ఇబ్బందులు కలిగాయి. 2015లో నియంత్రణ సంస్థ హెచ్చరిక పెట్టి, పెద్ద పరీక్ష చేయమన్నది. దాని ఫలితం 2023లో వచ్చింది. గుండెజబ్బు ఉన్న, లేదా వచ్చే ప్రమాదమున్న 5,204 మంది పురుషులు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి మందు వాడినవారిలో 7.0 శాతం, పూతవారిలో 7.3 శాతం. అంటే భయపడిన కీడు జరగలేదు. కాని గుండె లయ తప్పడం 3.5 శాతం, పూతవారిలో 2.4. ఊపిరితిత్తులలో రక్తం గడ్డకట్టడం 0.9 శాతం, పూతవారిలో 0.5.

2024 జనవరిలో అదే పరీక్ష నుండి ఎముకల లెక్క వెలువడింది. టెస్టోస్టిరాన్ ఎముకల సాంద్రతను పెంచుతుందని అంతకు ముందే రుజువైనది. కనుక ఎముకలు విరగడం తగ్గుతుందని అందరూ ఎదురుచూశారు. మందు వాడినవారిలో 91 మందికి ఎముకలు విరిగాయి, పూతవారిలో 64 మందికి. కారణం ఇదమిత్థమని తేలలేదు. బలం వచ్చిందని ఎక్కువ తిరిగి పడ్డారేమో అని కొందరు ఊహించారు. ఎవరూ ఆశించని, ఎవరూ భయపడని ఫలితం ఒకటి, వరుసగా వ్రాసుకుంటూ పోయినందువలన మాత్రమే కంటబడింది.

2025 ఫిబ్రవరిలో నియంత్రణ సంస్థ గుండెపోటుకు సంబంధించిన పాత హెచ్చరికను తొలగించి, ఈ మందులన్నిటికీ రక్తపోటు పెరుగుతుందనే హెచ్చరికను చేర్చమన్నది. కేవలం వయస్సు వలన తగ్గిన హార్మోనుకు ఈ మందు వాడకం సిద్ధించలేదన్న మాటను మాత్రం అలాగే ఉంచింది. మా వైద్యులు ఆ సంగతి చెప్పిన మరునాటి నుండి ఉదయం, సాయంకాలం రక్తపోటు చూసి వ్రాస్తున్నాను. పాత పుస్తకంలో పుటలు నిండాయి. కొత్త దానికి మా శ్రీమతి ఐదు గడులు గీసి ఇచ్చింది. ఐదవది, ‘ఎక్కడైనా తూలడం, పడడం’ అనే గడి, ఇప్పటికి ఖాళీగా ఉన్నది.